గ్రంథాలయ సెస్సు మనమూ కడుతున్నాం

(వేసవి సెలవులకు ముందు షాదీఖానాలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను విద్య గురించి మాట్లాడమన్నారు. విద్య చాలా పెద్ద విషయం. దానిలో ఒక చిన్న భాగం గురించే ఈ రోజు మనవి చేస్తాను. మన పేట నుంచి పది నిమిషాలు నడిస్తే వచ్చే ప్రభుత్వ శాఖా గ్రంథాలయం గురించి, రాబోయే ఏడు వారాల సెలవుల్లో పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు మన ఆడపిల్లలు, మగపిల్లలు అక్కడికి వెళ్లవలసిన అవసరం గురించి చెబుతాను.

ముందుగా మీ ఇంటి పన్ను రసీదును ఒకసారి గుర్తు చేసుకోండి. అందులో ఆస్తి పన్ను పక్కన గ్రంథాలయ సెస్సు అని ఒక పద్దు ఉంటుంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం పంచాయతీలు, పురపాలక సంఘాలు ఇంటి పన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున ఈ సెస్సు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఆ సొమ్ముతోనే పుస్తకాలు, పత్రికలు, బల్లలు, భవనాల అద్దెలు. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇల్లు ఎనభై రూపాయల సెస్సు కడుతుంది. మన పేటలో అటువంటి ఇళ్లు నాలుగు వందలు ఉన్నాయనుకుంటే, ఏడాదికి ముప్ఫై రెండు వేల రూపాయలు మన నాలుగు వీధుల నుంచే గ్రంథాలయానికి చేరాలి. అద్దెకున్నవారు తమకు సంబంధం లేదనుకోవద్దు. ఇంటి యజమాని ఆ భారాన్ని అద్దెలో కలిపే ఉంటాడు. పంక్చర్ షాపు నడిపే మన సోదరుడూ, ఇంట్లో కుట్టుమిషను మీద బతికే మన చెల్లెలూ ఈ గ్రంథాలయానికి పోషకులే. ఆ సంగతి వారికి ఎవరూ చెప్పలేదు, అంతే.

చెప్పవలసిన వారిలో నేనూ ఒకణ్ణి. నేను ఉద్యోగం చేసిన కార్యాలయంలో చాలా ఏళ్లు పన్నుల విభాగంలో గుమాస్తాగా ఉన్నాను. డిమాండు రిజిస్టరులో ఇంటింటికీ ఎదురుగా గ్రంథాలయ సెస్సు అంకె వేసింది ఈ చేతులతోనే. మన పేట ఇళ్లకు వేశాను, మా ఇంటికీ వేశాను. అంకె తప్పు పడకుండా చూసుకున్నాను. అది ఎందుకు కడుతున్నామో ఒక్క ఇంటివారికైనా చెప్పాలని నాకు తోచలేదు. వసూలైన సెస్సులో ఎంత గ్రంథాలయానికి చేరుతున్నదని అడగాలనీ తోచలేదు. చాలా స్థానిక సంస్థలు ఈ సొమ్మును సకాలంలో జమ చేయవన్నది అందరికీ తెలిసిన విషయమే. నా కళ్లముందు కూడా ఆ బకాయి ఒక ఏడాది నుంచి మరో ఏడాదికి మారుతూ వచ్చింది. నేను దాన్ని జాగ్రత్తగా కొత్త పేజీలోకి ఎక్కించాను.

అంతకన్నా పెద్ద తప్పు మా ఇంట్లోనే చేశాను. ఈ వేదిక మీద చెప్పక తప్పదు కనుక చెబుతున్నాను. మా పెద్దమ్మాయి పదవ తరగతి పరీక్షలు రాసిన వేసవిలో, తన స్నేహితురాళ్లు గ్రంథాలయానికి వెళుతున్నారు, తానూ వెళతానని అడిగింది. అక్కడ మగవాళ్లు కూర్చుని పేపర్లు చదువుతుంటారు, ఆడపిల్ల వెళితే నలుగురు ఏమనుకుంటారు అన్నాను. అమ్మాయి మళ్లీ అడగలేదు. ఆ వేసవంతా కిరాణా కొట్టు నుంచి వచ్చిన పొట్లాల కాగితాలు విప్పి, చేత్తో సాఫీ చేసి, వాటిమీద ఉన్నది చదువుకుంటూ ఉండేది. నేను చూశాను. చూసి, పిల్లకు చదువంటే ఎంత ఇష్టమో అని మురిసిపోయాను కూడా. తర్వాత ఇంటర్‌తో ఆమె చదువు ఆగిపోయింది. గ్రంథాలయానికి పంపకపోవడం వల్లనే ఆగిందని చెప్పను. దానికి వేరే కారణాలున్నాయి. కానీ ఆ పిల్ల కోసం ఒక తలుపు తెరిచి ఉన్నప్పుడు దాన్ని మూసింది మాత్రం నేనే.

గత ఏడాది ఆ అమ్మాయి కూతురు, అంటే నా మనవరాలు, తొమ్మిదవ తరగతికి వచ్చింది. ఆమెను నేనే వెంటబెట్టుకుని గ్రంథాలయంలో చేర్పించాను. తిరిగి వచ్చాక మా అమ్మాయి ఒక్క మాట అన్నది. "అబ్బాజాన్, ఆ రోజు మీరు నాతో వచ్చి ఒక గంట కూర్చుని ఉంటే సరిపోయేది కదా." నిందగా అనలేదు, మామూలుగానే అన్నది. నా దగ్గర సమాధానం లేదు. నేటి నా ప్రసంగంలో మీరు ఏది మరచిపోయినా ఫరవాలేదు, ఆ ఒక్క మాట గుర్తుంచుకోండి. ఆడపిల్లను గ్రంథాలయానికి పంపడానికి భయపడే తండ్రి చేయవలసింది ఆమెను ఆపడం కాదు, ఆమెతో వెళ్లి కూర్చోవడం.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. సెలవుల్లో మన పిల్లలు కథల పుస్తకాలు ఎందుకు చదవాలి? బడి పుస్తకాలు చాలవా? ఈ ప్రశ్న నన్ను చాలామంది తల్లిదండ్రులు అడిగారు. అది అడగదగిన ప్రశ్నే.

2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. 2001 జనగణన లెక్కల ప్రకారం దేశంలో ముస్లింల అక్షరాస్యత 59.1 శాతం, దేశ సగటు 65.1 శాతం అని అది చెప్పింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల మధ్య ఉన్న ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది అసలు బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని కూడా చెప్పింది. ఆ మానేయడానికి పేదరికం మొదటి కారణం. అందులో సందేహం లేదు. అయితే మన ప్రాంతంలో మరో కారణం కూడా ఉన్నది. అది లెక్కల్లోకి రాదు.

మన ఇళ్లలో చాలామంది ఉర్దూ మాట్లాడతాం. మన ఉర్దూలో సగం తెలుగు కలిసి ఉంటుంది, అది వేరే విషయం. పిల్లలు చదివేది తెలుగు మీడియమో, ఇంగ్లీషు మీడియమో. వీధిలో తెలుగు బాగానే మాట్లాడతారు. కానీ తొమ్మిదవ తరగతి సాంఘిక శాస్త్రంలో వచ్చే అవక్షేపం, సార్వభౌమత్వం, ద్రవ్యోల్బణం వంటి మాటలు ఇంట్లోనూ వినరు, వీధిలోనూ వినరు. తెలుగు వాచకంలోని పద్యం సంగతి చెప్పనక్కరలేదు. తోటి పిల్లవాడి ఇంట్లో తాత పత్రిక పైకి చదువుతాడు, నాయనమ్మ కథ చెబుతుంది. వాడికి ఆ మాటలు చెవిన పడి ఉంటాయి. మన పిల్లవాడు మొదటిసారి పరీక్ష పేపరులోనే చూస్తాడు. అర్థం కాక మౌనంగా ఉంటాడు. మౌనంగా ఉన్న పిల్లవాణ్ణి ఉపాధ్యాయుడు మందమతి అనుకుంటాడు. పిల్లవాడు కూడా తనను తాను అలాగే అనుకోవడం మొదలుపెడతాడు. పదో తరగతి తప్పగానే మెకానిక్ షెడ్డుకు పంపుతాం. వాడికి చదువు అబ్బలేదంటాం. నిజానికి వాడికి అబ్బనిది పుస్తకాల భాష. అది ఎవరికీ పుట్టుకతో రాదు. చదివితేనే వస్తుంది. అదీ పరీక్ష భయం లేకుండా, నచ్చిన పుస్తకం, నచ్చినంత చదివితేనే వస్తుంది. సెలవులు అందుకు తగిన సమయం.

ఇంగ్లీషు మీడియం పిల్లల పరిస్థితి మరీ కష్టం. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒకటి, బడిలో ఒకటి. మూడింటిలో ఏ ఒక్కదానిలోనూ ఒక పేజీ ఆగకుండా చదవలేని పిల్లలు మన పేటలో ఉన్నారు. వారికి తెలివి లేక కాదు, చదవడానికి పుస్తకం లేక. అందువల్ల కథల పుస్తకం కాలక్షేపం అని తోసివేయకండి. మన పిల్లలకు అది ట్యూషను కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

చదువు మన ధర్మానికి కొత్త విషయం కాదని మీకు నేను చెప్పనవసరం లేదు. మహాప్రవక్త (స)పై అవతరించిన తొలి వాక్కు 'ఇఖ్రా'తో మొదలైందని ఈ హాలులో ఉన్న చిన్న పిల్లవాడికి కూడా తెలుసు. బద్ర్ యుద్ధ ఖైదీలలో చదువు వచ్చినవారు పదేసి మంది పిల్లలకు చదవడం, రాయడం నేర్పితే అదే వారి విడుదలకు పరిహారంగా స్వీకరించారని చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. ఓడిపోయి చేతికి చిక్కిన శత్రువు దగ్గర నుంచి కూడా అక్షరం అడిగి తీసుకున్న సంప్రదాయం మనది. అటువంటప్పుడు మనం పన్ను కట్టి నడుపుతున్న గ్రంథాలయానికి వెళ్లడానికి సంకోచం దేనికి?

గ్రంథాలయాల చరిత్రలో కూడా మనం పరాయివాళ్లం కాదు. హైదరాబాదులో నేడు రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంగా ఉన్నది 1891లో సయ్యద్ హుసేన్ బిల్గ్రామీ చొరవతో మొదలైన ఆసఫియా గ్రంథాలయమే. అదే నగరంలో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం తెలుగు కోసం వెలిసింది. ఇటు కోస్తాలో 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. అయ్యంకి వెంకట రమణయ్య వంటివారు జీవితమంతా ఆ ఉద్యమానికే ధారపోశారు. పాతూరి నాగభూషణం 1935లో పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కృష్ణా కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపించారు. పాఠకుడు పుస్తకం దగ్గరకు రాలేకపోతే పుస్తకమే పాఠకుడి దగ్గరకు వెళ్లాలన్నది వారి పట్టుదల. ఆ పడవ ఎక్కడానికి ఏ మతమని ఎవరూ అడగలేదు. నేటి మన గ్రంథాలయ చట్టం, ఈ సెస్సు, ఈ శాఖలు ఆ ఉద్యమాల ఫలితమే.

అక్కడి బీరువాల్లో మన జీవితం కూడా ఉన్నది. పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా తెలుగులో అవధానాలు చేశారు, ఉమర్ ఖయ్యాం రుబాయీలను తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. చిలుకూరి నారాయణరావు అనే హిందూ పండితుడు ఖురాన్‌ను తెలుగులోకి అనువదించారు. మన కాలంలో మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు'లో నెల్లూరు ప్రాంతపు ముస్లిం బాల్యాన్ని రాశారు. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథలకు కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. స్వాతంత్ర్యోద్యమంలో ముస్లింల పాత్రపై సయ్యద్ నశీర్ అహమ్మద్ తెలుగులో వరుసగా గ్రంథాలు వెలువరించారు. నా మనవరాలు 'దర్గామిట్ట కథలు' చదువుతూ మధ్యలో లేచి వచ్చి, మన ఇంట్లో మాట్లాడుకునే మాటలు పుస్తకంలో కూడా వేస్తారా అని అడిగింది. తన ఇంటి మాట అచ్చులో చూసుకున్న పిల్ల ఆ తర్వాత బడిలో తలదించుకుని కూర్చోదు.

ఇతరుల జీవితాలు కూడా చదవాలి. అబ్దుల్ కలాం గారి ఆత్మకథ తెలుగులో 'ఒక విజేత ఆత్మకథ' పేరుతో వచ్చింది. రామేశ్వరంలో పుస్తకాలు దొరకని ఆ రోజుల్లో మాణిక్యం అనే పెద్దమనిషి తన సొంత పుస్తకాలను పిల్లవాడైన కలాంకు చదువుకోవడానికి ఇచ్చిన సంగతి అందులో ఉన్నది. ఒక ముస్లిం పడవ యజమాని కొడుకు రాష్ట్రపతి అయ్యాడని మనం పదేపదే చెప్పుకుంటాం. ఆ పిల్లవాడికి పుస్తకాలిచ్చిన పొరుగింటిని గుర్తు చేసుకోం. జపాను బడి కథ 'రైలుబడి', నండూరి రామమోహనరావు 'విశ్వరూపం' కూడా ఈ వయసు పిల్లలు చదవదగినవి. ఆడపిల్లలకు బేగం రొకయా గురించి తప్పక చెప్పండి. 1905లోనే ఆడవాళ్లు దేశాన్ని ఏలే లోకాన్ని ఊహించి ఆమె కథ రాశారు. 1911లో కలకత్తాలో ముస్లిం బాలికల కోసం బడి నడిపారు. ఈ పుస్తకాలన్నీ మన శాఖలో ఉన్నాయని నేను చెప్పను. లేనివాటిని అడగాలి. పాఠకులు అడిగితేనే కొనే పుస్తకాల జాబితాలోకి అవి వస్తాయి.

గత వేసవి అనుభవం కూడా దాచకుండా చెబుతాను. మేం పద్నాలుగు మంది పిల్లలను తీసుకుని మొదటి రోజు వెళ్లేసరికి తలుపుకు తాళం ఉన్నది. గ్రంథాలయాధికారికి మరో శాఖ బాధ్యత కూడా ఉన్నదట, ఆ రోజు అక్కడ ఉన్నారు. పిల్లలు మెట్ల మీద కూర్చున్నారు. ఇద్దరు వెంటనే ఇంటికి పోదామన్నారు. నాకూ కోపం వచ్చింది. కానీ మరునాడు ఆ అధికారిని కలిసినప్పుడు ఆయన మా చేతులు పట్టుకున్నంత పని చేశారు. "సార్, పిల్లలు వస్తారంటే నేను తలుపు తీయనా? ఎవరూ రావడం లేదని పైవాళ్లు ఈ శాఖను మరో దానిలో కలిపేస్తామంటున్నారు" అన్నారు. అప్పుడు అర్థమైంది. మనం వెళ్లకపోవడం కూడా ఆ తాళానికి ఒక కారణమే. పాఠకుల రిజిస్టరులో సంతకాలు లేని గ్రంథాలయాన్ని నిలబెట్టమని ఎవరూ వాదించలేరు. వాడని దారి మీద ముళ్లు మొలుస్తాయి.

ఉర్దూ పుస్తకాల సంగతి కూడా అంతే. ఒక బీరువా ఉన్నది. తాళం చెవి వెతకడానికి రెండు రోజులు పట్టింది. తెరిస్తే చాలా వరకు చెదపురుగుల పాలయ్యాయి. మన రాష్ట్రంలో 2022లో ఉర్దూను రెండవ అధికార భాషగా గుర్తిస్తూ చట్టం చేశారు. అందువల్ల కొత్త ఉర్దూ పుస్తకాలు, ఒక ఉర్దూ దినపత్రిక కావాలని అడగడం న్యాయమైన కోరిక. అయితే ఒక మాట. ఆ పుస్తకాలు వస్తే చదివేవారు మన ఇళ్లలో ఎందరు? ఉర్దూ మాట్లాడతాం, లిపి రాదు. ప్రభుత్వాన్ని అడిగే పని, పిల్లలకు లిపి నేర్పే పని కలిసి సాగాలి.

చివరికి ఆ పద్నాలుగు మందిలో సెలవులు ముగిసేవరకు క్రమంగా వచ్చినవారు తొమ్మిది మంది. అందులో నలుగురు ఆడపిల్లలు. మానేసిన ఐదుగురిలో ముగ్గురు మగపిల్లలు షాపుల్లో పనికి కుదిరారు. ఇది గొప్ప విజయమని నేను చెప్పను. తొమ్మిది మంది పిల్లలు ఒక్కొక్కరు నాలుగైదు పుస్తకాలు చదివారు. అంతే. ఈ ఏడాది ఆ తొమ్మిది మందే మిగిలిన పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లాలని నా ఆశ.

ఇక పెద్దల నుంచి నాకు వచ్చిన అభ్యంతరాలు రెండు.

ఒకటి, ఆ గ్రంథాలయం ఎందుకు, మస్జిద్‌లోనే మనం ఒకటి పెట్టుకుందాం అన్నారు. మంచి ఆలోచనే. ధార్మిక గ్రంథాలకు, మక్తబ్ పిల్లలకు అది ఉండాలి. కానీ దానిని సర్కారు గ్రంథాలయానికి బదులుగా పెట్టుకోవద్దని నా మనవి. మన సొంత అరలో వంద పుస్తకాలు పట్టవచ్చు. అక్కడ వేల పుస్తకాలున్నాయి, వాటికి మన డబ్బు ఇప్పటికే చెల్లింది. మన హక్కును మనమే వదులుకుంటే ఇంకెవరు కాపాడతారు? పైగా మన పిల్లలు ఇతర పిల్లలతో ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. మన పిల్లలు వాళ్లకు తెలియాలి, వాళ్లు మన పిల్లలకు తెలియాలి. ఒకరి గురించి ఒకరు ఫోన్లలో వచ్చే అబద్ధాలను నమ్మకుండా ఉండాలంటే ఇంతకన్నా సులభమైన మార్గం నాకు కనబడదు.

రెండవది, పనికి వెళ్లే పిల్లవాడికి పుస్తకం ఎలా కుదురుతుంది అన్నారు. కష్టమే. వెంటనే పని మాన్పించమని చెప్పే స్తోమత నాకు లేదు. ఆ ఇంటి పరిస్థితి నాకు తెలుసు. కానీ సభ్యత్వం ఉంటే పుస్తకం ఇంటికి తెచ్చుకోవచ్చు. కాలువలో పడవ మీద పుస్తకాలు వెళ్లిన ప్రాంతంలో, షెడ్డులో పనిచేసే తమ్ముడి కోసం అక్క ఒక పుస్తకం సంచిలో వేసుకుని రాలేదా? ఆ షెడ్డు యజమానులు కూడా మన సోదరులే. వారంలో ఒక సాయంత్రం ఒక గంట ముందు పిల్లవాణ్ణి వదలమని వారిని అడిగే బాధ్యత మస్జిద్ కమిటీ తీసుకోవాలి.

ఇప్పుడు చేయవలసిన పనులు చెబుతాను. ఇవి మనం రేపటి నుంచే మొదలుపెట్టగలిగినవి.

మొదటిది సభ్యత్వం. ఆధార్ నకలు, ఫోటో, కొద్దిపాటి డిపాజిట్టు చాలు. మానేసినప్పుడు డిపాజిట్టు తిరిగి వస్తుంది. ఆ మాత్రం కూడా కట్టలేని పిల్లల పేర్లు నాకు ఇవ్వండి, పింఛనుదారులం కొందరం కలిసి చూసుకుంటాం. ఆ పేర్లు బయటకు రావు.

రెండవది సమయం. మన శాఖ ఉదయం, సాయంత్రం తెరుస్తారు. ఉదయం పిల్లలు మక్తబ్‌లో దీనియాత్ చదువుకోవచ్చు. సాయంత్రం అస్ర్ నమాజు తర్వాత గ్రంథాలయానికి వెళ్లి మగ్రిబ్‌కు ఇల్లు చేరవచ్చు. వారపు సెలవు శుక్రవారమే కనుక జుమా నమాజుకు ఏ ఆటంకమూ లేదు.

మూడవది ఆడపిల్లలు. ప్రతి రోజూ ఒక తల్లి, ఒక తండ్రి వంతులవారీగా వారితో వెళ్లాలి. ఆడపిల్లలకు ఒక బల్ల విడిగా ఉంచడానికి, మరుగుదొడ్డి బాగు చేయించడానికి గ్రంథాలయాధికారి ఒప్పుకున్నారు. మరుగుదొడ్డి అవసరానికి నిధులు లేవంటే ఈ సభ నుంచే వినతిపత్రం పంపుదాం. వంతు వచ్చిన తల్లి చదువురానిదైనా ఫరవాలేదు. తన బిడ్డ చదవగా వింటూ కూర్చుంటుంది.

నాలుగవది, వారానికి ఒక పుస్తకం. పుస్తకం పిల్లలే ఎంచుకోవాలి. ఆదివారం సాయంత్రం ఈ షాదీఖానాలోనే కూర్చుని, చదివిన పుస్తకంలో నచ్చిందేమిటో, నచ్చనిదేమిటో తమ మాటల్లో చెప్పాలి. తెలుగులో చెప్పినా సరే, ఉర్దూలో చెప్పినా సరే. మార్కులు వేయవద్దు, బహుమతులు వద్దు. ఓడిపోయిన పిల్లవాడు మరుసటి వారం రాడు. ఇమాం సాహెబ్ గారు ఆదివారాలే ఒక అరగంట ఉర్దూ లిపి నేర్పడానికి అంగీకరించారు. వారికి కృతజ్ఞతలు.

ఐదవది, జిల్లా గ్రంథాలయ సంస్థలు వేసవిలో విజ్ఞాన శిబిరాలు నిర్వహిస్తాయి. కథలు చెప్పడం, పుస్తక పఠనం, బొమ్మలు గీయడం వంటివి ఉంటాయి. ఊరి పిల్లలందరితో కలిసి మన పిల్లలూ అందులో చేరాలి.

ఆరవది పెద్దల పని. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి మూడే ప్రశ్నలు అడుగుదాం. గత మూడేళ్లలో గ్రంథాలయ సెస్సు ఎంత వసూలైంది? అందులో ఎంత జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ అయింది? మిగిలినది ఎప్పుడు జమ చేస్తారు? ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి. దరఖాస్తు నేను రాశాను. సంతకం కూడా నాదే ఉంటుంది. ఒకప్పుడు ఆ బకాయిని పేజీ నుంచి పేజీకి ఎక్కించిన చేయి ఇది. ఇప్పుడు దాన్ని అడగవలసింది కూడా ఈ చేయే. ఇందులో ఎవరి మీదా కక్ష లేదు. జవాబు రాగానే ఈ పేటకే గాక ఊరిలోని అన్ని పేటల పెద్దలకూ చూపిస్తాం. సెస్సు అందరిదీ, గ్రంథాలయం అందరిదీ.

పిల్లలారా, చివరి మాట మీతో. సెలవుల్లో మీకు మరో పని తగిలించడానికి ఈ ముసలాయన వచ్చాడని మీరు అనుకుంటున్నారు. మీ ఆటలు ఆపమని నేను అనను, ఫోను పగలగొట్టమనీ అనను. రోజుకు ఒక గంట నాకివ్వండి. మొదటి పుస్తకం నచ్చకపోతే పది పేజీల తర్వాత తిరిగి ఇచ్చేయండి. రెండోదీ నచ్చకపోతే అదీ ఇచ్చేయండి. ఏదో ఒక పుస్తకం మిమ్మల్ని వదలదు. అన్నానికి పిలిచినా వినబడని ఆ మధ్యాహ్నం మీ జీవితంలో ఒక్కసారి రావాలి. అది వచ్చాక మీకు ఎవరూ చదవమని చెప్పనవసరం లేదు.

తండ్రులారా, మీతోనూ ఒక్క మాట. ఎల్లుండి సాయంత్రం అస్ర్ తర్వాత మస్జిద్ గేటు దగ్గర నుంచి మొదటి జట్టు బయలుదేరుతుంది. మొదటి వంతు నాది. రెండవ వంతుకు పేరు రాసుకోవడానికి కాగితం, కలం ఈ బల్ల మీద పెట్టాను. ఆ కాగితం ఖాళీగా నా చేతికి తిరిగి రాకూడదని కోరుతున్నాను.

అల్లాహ్ మన పిల్లల జ్ఞానాన్ని పెంపొందించుగాక. ఆ జ్ఞానానికి అడ్డు నిలబడకుండా మనల్ని కాపాడుగాక. ఆమీన్.